స్క్రీన్‌లో ఇచ్చేసినట్టే ఉందండీ

కౌంటర్ వెనక ఇరవై రెండేళ్ళు నిలబడ్డాను. మొదటి తొమ్మిదేళ్ళు విజయవాడ గాంధీనగర్‌లో ఒక బేకరీలో, తర్వాత పదమూడేళ్ళు ఒక బర్గర్ కంపెనీలో, చాలావరకు దాని సూర్యారావుపేట షాపులో. బర్గర్ షాపులో చేరేనాటికి నాకు నలభై ఐదు. అక్కడ పనిచేసేవాళ్ళలో సగం మంది మా అబ్బాయికంటే చిన్నవాళ్ళు. ఇంటర్వ్యూ చేసినాయన నన్ను ఎగాదిగా చూసి, "ఈ వయసులో రోజంతా నిలబడగలరా అండీ?" అని అడిగాడు. "తొమ్మిదేళ్ళుగా నిలబడే ఉన్నానండీ" అన్నాను. తీసుకున్నారు. నాలుగేళ్ళకి స్టోర్ మేనేజర్ని చేశారు. యాభై ఎనిమిదికి రిటైరయ్యాను.

మీలో చాలామంది ఇప్పుడు ఇలాంటి షాపుల్లోనే మొదటి ఉద్యోగం చేస్తున్నారు. అందుకని నేను బాగా చేసిన పని గురించి కాకుండా చెడగొట్టిన పని గురించి చెబుతాను. మా వృత్తిలో బాగా చేసినదాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. జనం వస్తారు, తింటారు, వెళ్ళిపోతారు. మనం టేబుల్ తుడుస్తాం.

ముందు ఒక్క విషయం అర్థం కావాలి. మా వంటగదిలో ఒక స్క్రీన్ ఉండేది. కౌంటర్లో ఆర్డర్ కొట్టగానే అక్కడ పడేది, దాని పక్కన గడియారం మొదలయ్యేది. మూడు నిమిషాలు దాటితే ఎర్రబడేది. ట్రేలో అన్నీ సర్దాక ఒక బటన్ నొక్కాలి. నొక్కితే గడియారం ఆగుతుంది. ఆర్డర్ వంటగది స్క్రీన్ మీంచి పోతుంది. హాల్లో ఉన్న పెద్ద బోర్డు మీద ఆ నంబరు 'రెడీ' అన్న వరసలోకి వస్తుంది. ఏ ఆర్డర్ ఎంతసేపట్లో ఇచ్చామో హైదరాబాద్ ఆఫీసులో వాళ్ళకి కనిపిస్తుంది. సోమవారం పొద్దున్నే ఫోన్ వస్తుంది.

ఆ ఫోన్ చేసే ఏరియా మేనేజర్ ముప్పై దాటినవాడు, మర్యాదస్తుడు. ఎప్పుడూ గొంతు పెంచలేదు. "మేడమ్, ఈ వారం కూడా మీ షాపే ఆఖర్న ఉందండీ" అనేవాడు, మా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని తెలిసి పరామర్శిస్తున్నట్టు. తిట్టినా బాగుండేది.

ఒకసారి ట్రైనింగ్ కోసం వేరే ఊళ్ళో మా కంపెనీదే ఇంకో షాపుకి పంపారు. వాళ్ళు ఎప్పుడూ ముందు వరసలో ఉండేవారు. అక్కడ రెండు రోజులు నిలబడి చూస్తే సంగతి తెలిసింది. ఆర్డర్ వంటగది స్క్రీన్ మీద పడీ పడగానే బటన్ నొక్కేస్తున్నారు. వండేది తర్వాత. ఇదేమిటని అడిగితే అక్కడి మేనేజరు నవ్వింది. "ఎలాగూ ఇస్తాం కదండీ" అంది.

ఆ పద్ధతి మా షాపుకి తెచ్చింది నేనే.

మా వంటగది ఇన్‌చార్జి ఒక్కడే అడ్డు చెప్పాడు. కొండపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. నలభై ఏళ్ళుంటాయి, పెద్దగా మాట్లాడడు, చేతులు మాత్రం ఊరికే ఉండవు. "ముందే నొక్కేస్తే ఏది ఇచ్చామో ఏది ఇవ్వలేదో మాకెలా తెలుస్తుంది మేడమ్?" అన్నాడు.

"ప్రింటర్లోంచి చీటీ వస్తుందిగా. చీటీ చూసి చేయండి. ఇచ్చాక చింపేయండి."

"చీటీ రాకపోతే?"

"ఎందుకు రాదు?" అన్నాను.

రెండు నెలల్లో మా షాపు మధ్యకి వచ్చింది, ఆరు నెలల్లో పైకి వచ్చింది. ఏరియా మేనేజర్ గొంతులో పరామర్శ పోయింది. ఇక్కడ కౌంటర్ దగ్గర మాత్రం జనం బిల్లు చేతిలో పట్టుకుని గుంపుగా నిలబడేవాళ్ళు. "బోర్డు మీద రెడీ అని పడింది కదా" అని అడిగేవాళ్ళు. "రెండు నిమిషాలండీ" అని చెప్పమని నేనే నేర్పాను. రోజుకి రెండొందలసార్లు ఆ మాట చెప్పేసరికి పిల్లలు మనుషుల మొహాలు చూడడం మానేశారు. నేనూ మానేశాను. అబద్ధం మన బోర్డు మీద ఉన్నప్పుడు, అది నిజం కాదని చెప్పడానికి వచ్చిన మనిషి మీద మనకి చిరాకొస్తుంది. ఇది నాకు అప్పుడు తెలియలేదు. వాళ్ళకి ఓపిక లేదనుకునేదాన్ని.

ఆ రోజు దగ్గర్లోని కోచింగ్ కాలేజీలో ఏదో పరీక్ష అయిపోయింది. పన్నెండున్నరకల్లా పిల్లలు హాలు నింపేశారు. ఆ గుంపులోకి ఒక పెద్దావిడ, భర్తని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. ఆవిడకి అరవై ఐదు పైన ఉంటాయి, ఆయనకి డెబ్బై. ఆయన నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఇద్దరూ పామర్రు నుంచి పక్క వీధిలో కంటి ఆసుపత్రికి వచ్చారట. డాక్టర్లు ఆయన కళ్ళలో చుక్కల మందు వేశారు, ఎండలోకి చూడలేకపోతున్నాడు. దగ్గర్లో చల్లగా కనిపించింది మా షాపు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు నేను చూసింది లైన్లో ఇంకో ఇద్దరు పెరగడం, అంతే.

ఆవిడ ఆయన్ని మూల టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, లైన్లో నిలబడి, మాంసం లేనివి ఏమున్నాయో అడిగి రెండు బర్గర్లు చెప్పింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి కృష్ణలంక నుంచి వచ్చేది. డిగ్రీ అయిపోయి ఏడాదైంది, చురుకైన పిల్ల. బిల్లు ఇచ్చి, "బోర్డు మీద మీ నంబరు పడగానే రండి" అని చెప్పింది. ఆవిడ టేబుల్ దగ్గరికి వెళ్ళి కూర్చునే లోపే బోర్డు మీద నంబరు పడింది.

"మన నంబరు వచ్చేసిందండీ" అని భర్తకి చెప్పింది.

ఆయనకి షుగర్. అన్నం తినేముందు ఇన్సులిన్ వేసుకోవాలి. పొద్దున ఆరింటికి రెండు ఇడ్లీలు తిని బస్సెక్కాడు. తిండి వచ్చేసిందన్న నమ్మకంతో, చూపు ఆనకపోయినా చేతి అలవాటుతో ఇంజక్షన్ వేసేసుకున్నాడు.

ఆవిడ కౌంటర్ దగ్గరికి వస్తే, "రెండు నిమిషాలండీ" అంది మా అమ్మాయి. పది నిమిషాల తర్వాత మళ్ళీ వస్తే మళ్ళీ అదే మాట అంది. మూడోసారి వచ్చేసరికి పావుగంట పైనే దాటింది.

"మాకింకా ఇవ్వలేదమ్మా. ఆయన ఇంజక్షన్ వేసుకుని కూర్చున్నారు" అంది ఆవిడ.

అమ్మాయి బిల్లు తీసుకుని నంబరు కొట్టి చూసింది. "స్క్రీన్‌లో ఇచ్చేసినట్టే ఉందండీ."

"లేదమ్మా, మాకు రాలేదు."

"ఒకసారి మీవాళ్ళెవరైనా తీసుకున్నారేమో చూసుకోండి."

"మావాళ్ళంటే ఆయనొక్కరే. ఆయనకి కళ్ళు కనబడట్లేదు."

అమ్మాయి నన్ను పిలిచింది. నేను వచ్చి స్క్రీన్ చూశాను. ఆర్డర్ పడిన అరనిమిషంలో ఇచ్చేసినట్టు ఉంది. వంటగదిలోకి తొంగి చూశాను, ఆ నంబరు చీటీ ఎక్కడా లేదు. చీటీ లేదంటే ఇచ్చేసి చింపేసినట్టే కదా. ఆ స్క్రీన్ చెప్పేది అబద్ధమని ఆ షాపులో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా దాన్నే చూసి మాట్లాడాను. అంతకుముందు వారం ఇద్దరు కుర్రాళ్ళు తినేసి వచ్చి తినలేదని గొడవపడ్డారు, అది మనసులో ఉంది. వెనక లైన్లో పాతికమంది ఉన్నారు.

"అమ్మా, మీకు ఇచ్చేశామండీ. రికార్డులో ఉంది. మళ్ళీ కావాలంటే ఇంకోసారి ఆర్డర్ పెట్టుకోండి" అన్నాను.

"మేము తినలేదమ్మా" అందావిడ.

"వెనక జనం ఉన్నారండీ" అన్నాను.

లైన్లో ఎవరో చిన్నగా నవ్వారు. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత పర్సు తెరుచుకుంటూ వెళ్ళి లైను చివర నిలబడింది. మళ్ళీ ఆర్డర్ పెట్టడానికి.

నేను ఇంకో పనిలో పడ్డాను. అప్పుడే వంటగది ఇన్‌చార్జి కొత్త పేపర్ రోల్ కోసం బయటికి వచ్చాడు. ప్రింటర్లో కాగితం అయిపోయిందట, ముందు వచ్చిన చీటీలే గుట్టగా ఉండడంతో ఎంతసేపైందో ఎవరూ చూసుకోలేదు. రోల్ తీసుకుని తిరిగి వెళ్తూ మూల టేబుల్ దగ్గర ఆగిపోయాడు. పెద్దాయన ఆ చల్లటి హాల్లో చెమటతో తడిసిపోయి ఉన్నాడు. చొక్కా గుండీ ఒకటి పట్టుకుని పెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. అది పెట్టే ఉంది.

మా ఇన్‌చార్జి తండ్రికి కూడా షుగర్. అతను ఎవర్నీ ఏమీ అడగలేదు. రోల్ అక్కడే పడేసి, కౌంటర్ మీదకి వంగి గ్లాసు నిండా కూల్‌డ్రింక్ పట్టుకుని పరిగెత్తాడు. అప్పటికే ఆయన కుర్చీలోంచి పక్కకి జారుతున్నాడు. ఇతను మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన తల భుజానికి ఆనించుకుని, "తాగండి బాబాయ్, కొంచెం కొంచెం" అంటూ తాగించాడు. లైన్లోంచి ఆవిడ పరిగెత్తుకొచ్చింది. పిల్లలు జరిగి చోటిచ్చారు. వంటగదిలో నూనె చప్పుడు ఒక్కటే వినిపించింది.

పది నిమిషాలకి ఆయన తెప్పరిల్లాడు. చుట్టూ చూసి, భార్య చెయ్యి తడుముకుని, "మన నంబరు వచ్చిందా?" అని అడిగాడు.

ఆటోలో ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. యూనిఫామ్‌లోనే. డ్యూటీ డాక్టర్ చూసి, షుగర్ బాగా పడిపోయిందని చెప్పి సెలైన్ పెట్టాడు. "ప్లేటు ముందుకొచ్చాకే ఇంజక్షన్ వేసుకోవాలండీ. ఎవరూ చెప్పలేదా?" అని మందలించాడు.

"బోర్డు మీద రెడీ అని పడిందండీ" అన్నాడు ఆయన, తప్పు తనదే అన్నట్టు. డాక్టర్ తలెత్తి నా యూనిఫామ్ వైపు చూశాడు.

సాయంత్రం నాలుగింటికి వాళ్ళు బస్సెక్కారు. నేను బస్టాండ్ దాకా వెంట వెళ్ళాను. ఆయన నాతో బాగానే మాట్లాడాడు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడట, ఆవిడ కూడా అదే ఊళ్ళో టీచరుగా చేసిందట. ఆవిడ మాత్రం నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

షాపుకి వచ్చేసరికి ఇన్‌చార్జి కూర్చుని లెక్క తేల్చి పెట్టాడు. కాగితం అయిపోయాక పడిన ఆర్డర్లు పదకొండు. పది ఆర్డర్ల తాలూకు మనుషులు కౌంటర్ దగ్గర గట్టిగా అరిచి చేయించుకున్నారు. మిగిలిన ఒక్కటి ఆవిడది. అరవలేదు గనక ఆ బర్గర్లు అసలు పొయ్యి మీదకే వెళ్ళలేదు. ఇది నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

కౌంటర్ అమ్మాయి స్టోర్ రూములో కూర్చుని ఏడుస్తోంది. "నేను స్క్రీన్‌లో ఉన్నదే చెప్పాను మేడమ్" అంది.

"అవును. నీ తప్పేం లేదు."

"మీరూ అదే చెప్పారు కదా మేడమ్" అంది, నన్ను కూడా ఓదార్చడానికి. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసి ఒక మందుల షాపులో చేరింది.

ఫిర్యాదు రాలేదు. ఆఫీసుకి కస్టమర్ సొమ్మసిల్లాడని, ప్రథమ చికిత్స చేశామని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు. రెండు వారాల తర్వాత సోమవారం ఫోన్ వచ్చింది. "కంగ్రాచ్యులేషన్స్ మేడమ్. ఈసారి మొత్తం రీజియన్లో మీరే ఫస్ట్. శుక్రవారం ఇక్కడే విజయవాడలో మీటింగ్ పెట్టి షీల్డ్ ఇస్తున్నాం. ఇంకో మంచి వార్త, మీ వంటగది ఇన్‌చార్జిని అసిస్టెంట్ మేనేజర్ని చేస్తున్నాం. కొండపల్లి వైపు తెరిచే కొత్త షాపుకి" అన్నాడు.

అతని ఇంటి నుంచి ఆ షాపుకి నడిచి వెళ్ళచ్చు. ఆరేళ్ళుగా ఆ మెట్టు కోసం ఎదురుచూస్తున్నాడు.

నేను మూడు రోజులు ఆలోచించాను. గురువారం మధ్యాహ్నం రద్దీ తగ్గాక అతన్ని పిలిచి, ఆఫీసుకి అంతా చెప్పేద్దామనుకుంటున్నానని చెప్పాను. చెబితే షీల్డు పోతుంది, దానితో పాటు అతని ప్రమోషన్ కూడా పోవచ్చని చెప్పాను.

అతను చేతులు తుడుచుకున్నాడు. "ఆ రోజే చెప్పాను కదా మేడమ్, చీటీ రాకపోతే అని" అన్నాడు.

"చెప్పావు."

"ఇప్పుడు మీరు నిజం చెబితే మీకు మనసు తేలికవుతుంది. నాకు ఉద్యోగమే పోవచ్చు. చెప్పొద్దని నేను అనలేను. చెప్పమని కూడా అనలేను" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఏరియా మేనేజర్‌కి ఫోన్ చేసి చెప్పాను. బటన్ సంగతి, చీటీల సంగతి, పెద్దాయన సంగతి. ఆయన చివరిదాకా విని, "మేడమ్, మీరు ఇది నాకు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు.

"తెలుసండీ."

"ఎవరు మొదలుపెట్టారు?"

"నేనే. వంటగదివాళ్ళు వద్దన్నారు. నేను వినలేదు."

దీన్ని మంచితనం అనుకోకండి. ఆ షీల్డు పట్టుకుని ఫొటో దిగాల్సి వస్తుందని భయపడ్డాను. ఆ ఫొటో షాపు గోడకి తగిలిస్తారు, రోజూ దాని కింద నిలబడాలి. అంతకుమించి నా ధైర్యం ఏమీ లేదు.

షీల్డు ఇంకో ఊరికి వెళ్ళింది. వాళ్ళు బటన్ ఎప్పుడు నొక్కుతారో నేను అడగలేదు. నన్ను మేనేజర్ పని నుంచి తప్పించి బస్టాండ్ దగ్గరి చిన్న షాపుకి షిఫ్ట్ ఇన్‌చార్జిగా పంపారు. రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. ఇన్‌చార్జి ఉద్యోగం పోలేదు గానీ ప్రమోషన్ ఆగిపోయింది. నేను వెళ్ళే రోజు అందరూ కేక్ కోశారు, అతను మాత్రం వంటగదిలోంచి రాలేదు. రెండేళ్ళ తర్వాత వేరే కంపెనీలో మేనేజరయ్యాడని విన్నాను. ఫోన్ చేస్తే ఎత్తాడు, "బాగున్నాను మేడమ్" అన్నాడు, ఎక్కువసేపు మాట్లాడలేదు. నిజం చెప్పినందుకు అయిన ఖర్చులో పెద్ద వాటా అతనే భరించాడు. ఆ పద్ధతి వద్దన్నది, ఆ మనిషిని బతికించింది, రెండూ అతనే.

బస్టాండ్ షాపులో కుదురుకున్నాక, ఒక సెలవు రోజున పామర్రు వెళ్ళాను. లెక్కల మాస్టారి ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. ఆయన వరండాలో పేపర్ చదువుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది, పట్టాక సంతోషించాడు. కంటి ఆపరేషన్ అయిందని, ఇప్పుడు ఎదురింటి గోడ మీద రాతలు కూడా చదవగలుగుతున్నానని చెప్పాడు. క్షమాపణ చెప్పబోతే చెయ్యి ఊపి, "నాదే తొందర అమ్మా" అని కొట్టిపారేశాడు.

ఆవిడ లోపల్నించి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. నేను మళ్ళీ మొదలుపెట్టాను. మాస్టారికి అలా అయినందుకు చాలా బాధపడ్డానని చెప్పాను.

"ఆయన పడిపోయినదానికి మీరేం చెప్పక్కర్లేదమ్మా. అది ఆయన ఒళ్ళు, ఆయన జబ్బు" అంది. "నాతో అన్న మాట సంగతి చెప్పండి."

"దానికోసమే వచ్చానండీ."

"ఆ రోజు మళ్ళీ లైన్లో ఎందుకు నిలబడ్డానో తెలుసా? మీరు అంత గట్టిగా, రికార్డులో ఉందని చెప్పేసరికి, తిన్నామేమో అని నాకు అనుమానం వచ్చింది. ఒక్క క్షణమే. మా అక్కకి మతిమరుపు ఇలాగే మొదలైంది. తిని తినలేదనేది. నాకూ వచ్చేసిందనుకున్నాను." ఆవిడ చెబుతుంటే మాస్టారు పేపరు కింద పెట్టేశాడు. ఆయనకీ ఇది కొత్తలా ఉంది. "ఇంటికొచ్చాక కూడా అంతే. గ్యాస్ కట్టేశానా, తలుపు గడియ పెట్టానా అని రోజుకి పదిసార్లు వెళ్ళి చూసుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు."

నేను గబగబా చెప్పాను. "మీరు తినలేదండీ. మీ బర్గర్లు అసలు తయారే కాలేదు. మా ప్రింటర్లో కాగితం అయిపోయింది. బోర్డు మీద పడిన నంబరు అబద్ధం. మేం ముందే నొక్కేసేవాళ్ళం."

ఆవిడ టీచరు. సగం అర్థమై ఊరుకునే మనిషి కాదు. బటన్ ఎవరు నొక్కుతారు, చీటీ ఎక్కడినుంచి వస్తుంది, అన్నీ ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకుంది. అంతా విని కుర్చీలో వెనక్కి వాలింది. భుజాలు కొంచెం దిగాయి.

"అయితే నేను తినలేదన్నమాట" అంది.

"తినలేదండీ."

"ఇది మీకెప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే తెలిసిందండీ."

అప్పటికి నాలుగు నెలలైంది. అంతవరకూ నేను పై ఆఫీసుకి ఉన్నదున్నట్టు చెప్పి పదవి పోగొట్టుకున్న మనిషినని లోలోపల కొంచెం గర్వంగానే ఉన్నాను. ఏరియా మేనేజర్‌కి చెప్పాను, వంటగదిలో చెప్పాను, మా ఇంట్లో చెప్పాను. విజయవాడకి గంట ప్రయాణంలో ఒక మనిషి తన మతి మీద తనకే నమ్మకం పోయి పొయ్యి చుట్టూ తిరుగుతోందని, ఆమెకి ఒక్క మాట చెబితే చాలని నాకు తోచలేదు.

నాలుగు నెలలని ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, నాకు కనబడకూడదని చీర చెంగు చాటున. తర్వాత లేచి, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. మాస్టారే గేటు దాకా వచ్చి నన్ను సాగనంపాడు.